స్టూడియోలో పుట్టి, వేదిక మీద బరువైన ఆల్బమ్

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రపు పశ్చిమ భాగంలో వెస్ట్‌ఫీల్డ్ అనే చిన్న పట్టణం ఉంది. 2001 చివరి నెలల్లో ఆ ఊరిలోని జింగ్ రికార్డింగ్ స్టూడియోలో నలుగురు యువకులు పన్నెండు ట్రాకుల ఆల్బమ్ ఒకటి రికార్డు చేయసాగారు. 2002 మే 21న రోడ్‌రన్నర్ అనే రికార్డు సంస్థ దాన్ని ‘అలైవ్ ఆర్ జస్ట్ బ్రీదింగ్’ పేరుతో విడుదల చేసింది. బృందం పేరు కిల్‌స్విచ్ ఎంగేజ్. మెటల్‌కోర్ అనే సంగీతశాఖ ఎలా ఎదిగిందన్న చర్చ ఎక్కడ మొదలైనా ఈ ఆల్బమ్ దగ్గర ఆగక తప్పదు. అయితే అది విడుదలైన కొద్ది కాలానికే అందులో పాడిన గాయకుడు బృందాన్ని వదిలి వెళ్లిపోయారు. అందులో డ్రమ్స్ వాయించిన వ్యక్తి డ్రమ్స్ వదిలి గిటార్ అందుకున్నారు. ఈ రెండు కథలనూ విడివిడిగా చెప్పుకోవడం ఆనవాయితీ. మొదటిది సంగీత విజయమని, రెండోది ఒక గాయకుడి సొంత కష్టమని అంటారు. జాగ్రత్తగా చూస్తే రెండింటికీ మూలం ఒకటే. స్టూడియోలో పొర మీద పొర పేర్చి కట్టిన ఆ శబ్దం నలుగురి చేతులకూ, ఒక్క గొంతుకూ మించిపోయింది.

మెటల్‌కోర్‌కు ఇద్దరు పూర్వీకులు. ఒకటి హార్డ్‌కోర్ పంక్. 1980ల ఆరంభంలో అమెరికా నగరాల్లో బలపడిన ఈ సంగీతంలో పాట తరచుగా రెండు నిమిషాలకే ముగిసిపోతుంది, పాడేవాడికీ వినేవాడికీ మధ్య ఎడం ఉండకూడదన్నది దాని పట్టుదల. రెండోది హెవీ మెటల్. వాద్య నైపుణ్యానికీ, గిటార్ వరుసల కూర్పుకూ అది పెద్దపీట వేస్తుంది. ఈ రెండూ 1990లలో గట్టిగా కలిశాయి గానీ, ఆ కలయికలో గాయకుడికి దాదాపుగా అరవడం ఒక్కటే పనిగా మిగిలింది. అదే రాష్ట్రానికి చెందిన కన్వర్జ్ బృందం 2001 సెప్టెంబరులో తెచ్చిన ‘జేన్ డో’ ఆ అరుపును చివరి అంచు దాకా తీసుకెళ్లింది. అందులో మాటలు చాలాచోట్ల వినబడవు, వేదన మాత్రం వినబడుతుంది. అది గొప్ప ఆల్బమ్ అనడంలో సందేహం లేదు. అయితే ఆ దారిలో మరింత ముందుకు వెళ్లడానికి పెద్దగా చోటు మిగల్లేదు. కిల్‌స్విచ్ ఎంగేజ్ మరో దారి పట్టింది. అరుపును ఉంచుకుంటూనే, దాని పక్కన విన్నవారు తిరిగి పాడుకోగలిగే పల్లవిని నిలబెట్టింది.

ఆ నలుగురూ ఈ పనికి కొత్తవారు కారు. బాస్ గిటార్ వాయించే మైక్ డాంటోనియో అంతకుముందు ఓవర్‌క్యాస్ట్ అనే బృందంలో పనిచేశారు. అది 1998లో విడిపోయింది. డ్రమ్స్ వాయించిన ఆడమ్ డట్కెవిచ్, గిటారిస్టు జోయెల్ స్ట్రోట్జెల్ ఆఫ్టర్‌షాక్ బృందం నుంచి వచ్చారు. గాయకుడు జెస్సీ లీచ్ కోరిన్ అనే బృందంలో పాడేవారు. మసాచుసెట్స్ ఉన్న న్యూ ఇంగ్లండ్ ప్రాంతంలో అప్పట్లో ఇలాంటి కచేరీలు మాజీ సైనికుల సంఘాల హాళ్లలోనూ, చర్చిల కింది గదుల్లోనూ జరిగేవి. టికెట్టు చవక, వేదిక ఎత్తు తక్కువ, ఒక బృందంలోని సభ్యులు మరో బృందానికి సాయం పట్టడం మామూలు. 1999లో బృందం ఏర్పడింది. 1998లో వచ్చిన ‘ది ఎక్స్ ఫైల్స్’ టీవీ ధారావాహికలోని ఒక భాగం పేరు నుంచి తమ పేరు తీసుకున్నారు. 1999 నవంబరులో తొలి కచేరీ చేశారు. ఆ రాత్రి ప్రధాన బృందం స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ నుంచి వచ్చిన ఇన్ ఫ్లేమ్స్. ఆల్బమ్ సంగీతంలో గోథెన్‌బర్గ్ జాడ ఎంత లోతుగా ఉందో తెలిసిన వారికి ఈ వివరం చిన్నదిగా అనిపించదు.

2000 జులైలో ఫెరెట్ అనే చిన్న సంస్థ బృందం పేరుతోనే తొలి ఆల్బమ్ తెచ్చింది. చార్టుల్లో అది ఎక్కడా కనిపించలేదు. అయితే ఫెరెట్ యజమాని కార్ల్ సెవర్సన్ ఆ డిస్కును రోడ్‌రన్నర్ ప్రతినిధి మైక్ గిట్టర్ చేతిలో పెట్టారు, బేరం కుదిరింది. నెదర్లాండ్స్‌లో 1980లో పుట్టిన రోడ్‌రన్నర్‌కు అప్పటికి స్లిప్‌నాట్ అనే మెటల్ బృందం రూపంలో భారీ విజయం చేతిలో ఉంది; 2001లో నికెల్‌బ్యాక్ అనే రాక్ బృందం కూడా అదే సంస్థ ద్వారా ప్రపంచమంతా వినబడింది. అలాంటి చోట హాళ్ల నుంచి వచ్చిన చిన్న బృందానికి పేరున్న ప్రొడ్యూసర్‌ను, అంటే రికార్డింగును నడిపించి శబ్దాన్ని తీర్చిదిద్దే మనిషిని, అంటగట్టడం సహజంగా జరిగే పని. ఇక్కడ అలా జరగలేదు. ప్రొడ్యూసర్ బాధ్యత డ్రమ్మర్ చేతిలోనే ఉంది, కవరు రూపకల్పన బాస్ గిటారిస్టు చేతిలోనే ఉంది. డట్కెవిచ్ బోస్టన్‌లోని బర్‌క్లీ సంగీత కళాశాలలో ఆడియో ప్రొడక్షన్ చదివారు, జింగ్ స్టూడియోలో ఆయనకు చేయి తిరిగిన అనుభవం ఉంది. ఆల్బమ్ ఎలా వినబడాలో ఆయనకు ముందే తెలుసు. దాన్ని సాధించే యంత్రాలూ ఆయనకు అలవాటైనవే. ఈ ఆల్బమ్ బలానికీ, ఆ తర్వాతి చిక్కులకూ మొదటి కారణం ఇక్కడే ఉంది. స్టూడియో తెలిసిన మనిషికి తన బృందంలో ఎందరున్నారన్నది అడ్డంకి కాదు.

ఇలాంటి సంగీతాన్ని అందరూ ఒకేసారి వాయిస్తుండగా రికార్డు చేయరు. ముందు డ్రమ్స్ పూర్తి చేస్తారు, ఎందుకంటే లయ ఒకసారి స్థిరపడితే మిగిలినవన్నీ దాని మీద కూర్చుంటాయి. తర్వాత ఒకే గిటార్ వరుసను మొదటి నుంచి చివరి దాకా రెండుసార్లు విడివిడిగా వాయించి, ఒకదాన్ని ఎడమ చెవికీ మరొకదాన్ని కుడి చెవికీ పంపుతారు. ఒకే రికార్డింగును రెండు వైపులా పెడితే ఈ ఫలితం రాదు. మనిషి చేయి రెండుసార్లు ఒకేలా పడదు. ఆ వెంట్రుకవాసి తేడాల వల్లనే శబ్దం వెడల్పుగా, గోడలా వినబడుతుంది. ఆ తేడా కాస్త ఎక్కువైతే గోడ కూలి గందరగోళమవుతుంది కాబట్టి, వాయించేవాడికి యంత్రమంత కచ్చితత్వం ఉండాలి. ఈ ఆల్బమ్‌లో డట్కెవిచ్ డ్రమ్స్ వాయించారు, గిటార్ కూడా వాయించారు, లీచ్ వెనుక గొంతు కలిపారు, ప్రొడ్యూసర్ కుర్చీలోనూ కూర్చున్నారు. ఇంట్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే ఇద్దరు గిటారిస్టులున్న నిండైన బృందం వినబడుతుంది. ఆ శబ్దం వెనుక ఒకే మనిషి రెండు చోట్ల ఉన్నారు.

గిటార్ల శ్రుతి గురించి కొంత వివరంగా చెప్పుకోవాలి. మామూలు గిటార్‌లో అన్నిటికంటే మందమైన తీగ ఇ అనే స్వరానికి శ్రుతి చేసి ఉంటుంది. ఈ బృందం వాడే శ్రుతిలో దాన్ని నాలుగు అర్ధస్వరాలు దించి సి దగ్గర నిలుపుతారు, మిగిలిన ఐదు తీగలను రెండేసి అర్ధస్వరాలు దించుతారు. దీనివల్ల రెండు లాభాలున్నాయి. శబ్దానికి అడుగు లోతు వస్తుంది. అంతకంటే ముఖ్యంగా, మందమైన మూడు తీగలనూ ఒకే వేలితో అడ్డంగా నొక్కితే షడ్జం, పంచమం, తారషడ్జం ఒకేసారి పలుకుతాయి. ఒక్క వేలిని జరిపితే చాలు, ఆ బరువంతా మెట్టు మీద నుంచి మెట్టు మీదికి దూకుతుంది. కుడి అరచేతి అంచును తీగల మొదట్లో ఆనించి వాయించినప్పుడు వచ్చే కట్టె కొట్టినట్టుండే పొట్టి దెబ్బలు ఇలా పుట్టినవే. ఇక గోథెన్‌బర్గ్ జాడ గిటార్ల జంట వరుసల్లో కనిపిస్తుంది. ఒక గిటార్ స్వరవరుసను వాయిస్తుండగా రెండోది దానికి గాంధారమంత ఎడంలో తోడు నడుస్తుంది. ఇన్ ఫ్లేమ్స్, ఎట్ ది గేట్స్ వంటి స్వీడిష్ బృందాలు 1990లలో ఈ పద్ధతికి పదును పెట్టాయి. వాటిలో ఈ జంట వరుసలు గుర్రపు వేగంతో పరుగెత్తుతాయి. కిల్‌స్విచ్ ఎంగేజ్ వాటిని తెచ్చి హార్డ్‌కోర్ నడక మీద పెట్టింది, అందుకని అవి పరుగు తగ్గించుకుని పాటలా వినబడతాయి.

హార్డ్‌కోర్ నడకలో కీలకమైనది బ్రేక్‌డౌన్. పాట వేగంగా సాగుతూ ఉండగా లయ ఒక్కసారిగా రెండో కాలం నుంచి మొదటి కాలానికి దిగినట్టు సగానికి పడిపోతుంది. గిటార్లు స్వరవరుసను వదిలేసి, కాలితో తొక్కే డ్రమ్ముతో కలిసి ఒకే దెబ్బ వేస్తాయి. దెబ్బకూ దెబ్బకూ మధ్య వదిలే నిశ్శబ్దమే ఇక్కడ అసలు బరువు. హాల్లో ఉన్నవారి శరీరాలు కదిలేది ఆ నిశ్శబ్దాల కోసమే. ఈ ఆల్బమ్‌లో బ్రేక్‌డౌన్లకు కొదవ లేదు గానీ, వాటి స్థానం మారింది. అంతకుముందటి హార్డ్‌కోర్‌లో పాట మొత్తం బ్రేక్‌డౌన్ వైపే నడిచేది. అది వచ్చాక పాటకు చెప్పడానికేమీ మిగిలేది కాదు. ‘మై లాస్ట్ సెరినేడ్’ పాటలో శిఖరం పల్లవి. చరణాల్లో లీచ్ గొంతు చించుకుంటూ ఒక్కో మాటనూ విసురుతారు. పల్లవి రాగానే అదే మనిషి శ్రుతి పట్టి నిండుగా పాడతారు, గిటార్ల దెబ్బలు విప్పారి పొడవైన స్వరాలవుతాయి. బిగింపు నుంచి విప్పారడం అనే ఈ కదలికే పాటకు ప్రాణం. చరణంలో అంత బిగింపు లేకపోతే పల్లవి తేలిపోయేది; పల్లవి అంతగా విప్పారకపోతే చరణం వట్టి కోపంగా మిగిలేది.

ఇప్పుడు గొంతు దగ్గరకు రావాలి. ఈ ఆల్బమ్ విజయమూ, మూల్యమూ రెండూ అక్కడే ఉన్నాయి. మామూలుగా పాడేటప్పుడు స్వరపేటికలోని రెండు స్వరతంత్రులు సమానంగా దగ్గరకు వచ్చి, ఊపిరి తాకిడికి క్రమబద్ధంగా కంపిస్తాయి. పల్లవిలోని పై స్వరాల దగ్గర ఆ కంపనం సెకనుకు మూడు నాలుగు వందల సార్లు జరుగుతుంది. అరుపు తీరు వేరు. సరైన శిక్షణతో అరిచేవారు స్వరతంత్రులకు పైన ఉండే మరో జత మడతలను దగ్గరకు లాగి, క్రమం లేని కంపనంతో ఆ గరుకును పుట్టిస్తారు, అసలు స్వరతంత్రుల మీద భారం తగ్గిస్తారు. శిక్షణ లేకుండా అరిచేవారు స్వరతంత్రులనే ఒకదానితో ఒకటి బలంగా ఢీకొట్టిస్తారు. 2000 ప్రాంతంలో హార్డ్‌కోర్ గాయకుల్లో అత్యధికులు తమంతట తాము నేర్చుకున్నవారే. ఢీకొన్న తంత్రులు వాస్తాయి. తెలుగులో ఈ దశలకు చక్కని మాటలున్నాయి: మొదట గొంతు జీరపోతుంది, తర్వాత బొంగురుపోతుంది, చివరకు పూడుకుపోతుంది. వాచిన తంత్రులతో మరికొన్నాళ్లు అరవవచ్చు, ఎందుకంటే అరుపుకు శ్రుతి అక్కర్లేదు. వాపు ముందుగా దెబ్బతీసేది మెత్తని పై స్వరాలను. అంటే ఈ ఆల్బమ్‌ను కొత్తగా నిలిపిన పల్లవినే, అదే ఆల్బమ్‌లోని చరణం ముందుగా దెబ్బతీస్తుంది.

స్టూడియోలో ఈ చిక్కు కనబడదు. అక్కడ అరుపులు ఒక రోజు, గానం మరో రోజు రికార్డు చేయవచ్చు. గొంతు అలిసిపోతే ఆపవచ్చు. ఒక పంక్తిని పదిసార్లు పాడి ఒకటి ఎంచుకోవచ్చు, అదే పంక్తిని రెండు మూడుసార్లు పాడించి ఒకదాని మీద ఒకటి పరిచి నిండుదనం తేవచ్చు. అరుపు చివరి ఊపిరికీ పల్లవి మొదటి స్వరానికీ మధ్య గాయకుడికి దొరకని విరామాన్ని యంత్రం పూడ్చగలదు. వేదిక మీద ఆ వెసులుబాటు ఒక్కటీ లేదు. రాత్రికి ముప్పావుగంట, వరుసగా ఎన్నో రాత్రులు, మధ్యలో వ్యాన్‌లో వందల మైళ్ల ప్రయాణం, చాలీచాలని నిద్ర.

సాహిత్యం గురించి చెప్పకుండా ఈ గొంతు ఎందుకంత తెగించిందో అర్థం కాదు. 2001–2002లో అమెరికా రేడియోను ఏలుతున్న భారీ గిటార్ సంగీతం ఎక్కువగా బాల్యపు గాయాలనూ, ఆత్మద్వేషాన్నీ పాడుతోంది. లీచ్ అందుకు ఎదురుగా నిలిచారు. ఆయన రాతలో మార్పు, ప్రేమ, మనిషి లోపలి నుంచి లేవడం పదే పదే వస్తాయి. హార్డ్‌కోర్‌లో బ్యాడ్ బ్రెయిన్స్ బృందం 1980ల ఆరంభం నుంచి వినిపించిన ఆశావాదానికి ఇది దగ్గరి చుట్టం. ‘జస్ట్ బేర్లీ బ్రీదింగ్’ పాటలోని మాటల నుంచి ఆల్బమ్ శీర్షిక పుట్టింది. తెలుగులో దాని భావం చెప్పాలంటే, బతుకుతున్నామా, లేక ఊపిరి మాత్రం తీస్తున్నామా అని అడగడం. ఆ ప్రశ్నను అడిగిన మనిషే కొద్ది నెలల్లో దానికి జవాబు వెతుక్కోవలసి వచ్చింది. ఆశను ఇంత గట్టిగా చెప్పదలచిన వ్యక్తి గొంతు దాచుకుని పాడలేడు, అలా పాడితే మాట అబద్ధమవుతుందని భయపడతాడు. ఈ ఆల్బమ్‌లో అరుపు కోపం కంటే ఎక్కువగా పిలుపులా వినబడుతుందంటే కారణం ఇదే.

రెండు రికార్డింగులను పక్కపక్కన పెట్టి వినే అవకాశం ఈ బృందం విషయంలో దొరుకుతుంది. ‘టెంపుల్ ఫ్రమ్ ది విదిన్’, ‘వీడే ఇన్‌ఫ్రా’ అనే రెండు పాటలు 2000 నాటి తొలి ఆల్బమ్‌లోనూ ఉన్నాయి, 2002లో మళ్లీ రికార్డు చేశారు. కూర్పు దాదాపు అదే. మొదటిదాంట్లో గిటార్లు డ్రమ్స్‌తో చోటు కోసం పోట్లాడుతుంటాయి, గొంతు వాటి వెనుక ఎక్కడో హాలు చివర నిలబడి అరుస్తున్నట్టు ఉంటుంది. రెండోదాంట్లో ప్రతి వాద్యానికీ తన గది ఉంది. ఈ మార్పులో సగం పుణ్యం ఆండీ స్నీప్‌ది. ఇంగ్లండ్‌కు చెందిన సబ్బాట్ అనే థ్రాష్ మెటల్ (వేగం ఎక్కువగా ఉండే మెటల్ శాఖ) బృందంలో గిటార్ వాయించిన స్నీప్, డెర్బీషైర్‌లోని తన బ్యాక్‌స్టేజ్ స్టూడియోలో ఈ ఆల్బమ్‌ను మిక్స్ చేశారు, అంటే విడివిడిగా రికార్డు చేసిన శబ్దాలను తూకం వేసి కలిపారు. వెస్ట్‌ఫీల్డ్‌లో రికార్డు చేసినది అట్లాంటిక్ దాటి వెళ్లి ఆకారం దిద్దుకుని వచ్చిందన్నమాట. మెటల్ వినికిడి ఉన్న మనిషి చేతిలో పడటం వల్ల కాలి డ్రమ్ము దెబ్బకు ముక్కు పదునెక్కింది, బాస్ గిటార్ కింద నిలిచి గోడకు పునాది అయింది, లీచ్ గొంతు మొదటిసారి అన్నిటికంటే ముందుకు వచ్చింది. గొంతును అంత ముందు నిలబెట్టినప్పుడు దాన్ని వేదిక మీద దాచడానికి చోటు ఉండదు. ఆ సంగతి మిక్సింగ్ గదిలో ఎవరికీ గుర్తు రావలసిన అవసరం లేదు.

ఆల్బమ్ వచ్చే నాటికే నలుగురు సరిపోరని తేలిపోయింది. రెండు గిటార్ల సంగీతాన్ని ఒక గిటార్‌తో వినిపించడం కుదరదు కాబట్టి డట్కెవిచ్ డ్రమ్స్ దిగి గిటార్ అందుకున్నారు. ఆఫ్టర్‌షాక్ నాటి మిత్రుడు టామ్ గోమ్స్ డ్రమ్స్ దగ్గర కూర్చున్నారు. చేతుల లెక్క అలా సరిపెట్టారు. గొంతు లెక్క సరిపెట్టే దారి దొరకలేదు. 2002 ఏప్రిల్ 20న లీచ్ పెళ్లి జరిగింది. మూడు రోజులకే ఆయన బృందంతో పర్యటనకు బయల్దేరారు. దారిలో గొంతు మొరాయించింది, దానితోపాటు కుంగుబాటు ఆవరించింది. పల్లవి అందని రాత్రులు పేరుకుపోయాక, ఆల్బమ్ విడుదలైన కొద్ది కాలానికి, తాను తప్పుకుంటున్నట్టు ఆయన సహచరులకు ఈమెయిల్ పంపారు.

ఆ ఈమెయిల్ గురించి చాలా మాటలు నడిచాయి. మూడేళ్లు అన్నదమ్ముల్లా తిరిగినవారికి ముఖాముఖి చెప్పకపోవడం బాధ కలిగించిందని బృందం వైపు నుంచి వినబడింది. ఆ బాధ న్యాయమైనదే. అయితే కుంగుబాటులో ఉన్న మనిషికి నలుగురి ముందు నిలబడి చెప్పే శక్తి ఉంటుందని ఆశించడం కష్టం. గొంతే పని చేయని గాయకుడు రాతను ఆశ్రయించడంలో కొంత అర్థమూ ఉంది. అప్పటి హార్డ్‌కోర్ వాతావరణంలో గొంతు నొప్పిని గాయంగా చూసేవారు తక్కువ. గిటార్ తీగ తెగితే కచేరీ ఆపి మార్చుకుంటారు. గొంతు తెగుతుంటే దాన్ని చిత్తశుద్ధికి గుర్తుగా మెచ్చుకునేవారు. ఈ చూపు ఎందరు గాయకులను దెబ్బతీసిందో లెక్క తీయడం కష్టం.

ఖాళీ అయిన స్థానంలోకి అదే ఏడాది హోవార్డ్ జోన్స్ వచ్చారు. బ్లడ్ హ్యాజ్ బీన్ షెడ్ అనే బృందంలో అప్పటికే అరుపునూ గానాన్నీ కలిపి పాడుతున్న గాయకుడు ఆయన. జోన్స్ గొంతు లీచ్ గొంతు కంటే లోతైనది, గానంలో నిబ్బరం ఎక్కువ. ‘ఫిక్సేషన్ ఆన్ ది డార్క్‌నెస్’ పాటను ఆయన గొంతుతో మళ్లీ రికార్డు చేసి దానికి వీడియో తీశారు. విడుదలైన ఆల్బమ్‌లోని పాటను కొత్త గాయకుడితో తిరిగి పాడించడం మామూలుగా జరిగే పని కాదు. అమ్మకంలో ఉన్న డిస్కులో ఒకరు, తెర మీద మరొకరు. రెండూ విన్నవారికి పాట కూర్పు ఎంత గట్టిదో తెలుస్తుంది, గొంతు మారినా పల్లవి కూలలేదు. లీచ్ పాడినదాంట్లోని ఆరాటం మాత్రం జోన్స్ పాడినదాంట్లో లేదు. అది లోపమని కాదు. ఒకరు అందుకోవడానికి చేయి చాచినట్టు పాడతారు, మరొకరు అందుకుని నిలబడ్డట్టు పాడతారు. 2003లో జోన్స్ పాత సహచరుడు జస్టిన్ ఫోలీ డ్రమ్మర్‌గా చేరారు. అలా కుదిరిన ఐదుగురితో 2004 మే 11న వచ్చిన ‘ది ఎండ్ ఆఫ్ హార్ట్‌ఏక్’ అమెరికాలో ఆల్బమ్‌ల ఆదరణను లెక్కించే బిల్‌బోర్డ్ 200 పట్టికలో 21వ స్థానంలో అడుగుపెట్టింది, దాని శీర్షిక గీతం గ్రామీ నామినేషన్ పొందింది, 2007 డిసెంబరు నాటికి అమెరికాలో గోల్డ్ గుర్తింపు అందుకుంది. ఆ విజయానికి నమూనా 2002లోనే సిద్ధమైంది. దాన్ని రాత్రి తర్వాత రాత్రి మోయగల మనుషులు మాత్రం 2004కు గానీ కుదరలేదు.

నమూనా ఇతరులకూ చేరింది. జింగ్ స్టూడియో పేరు విని దూరాల నుంచి బృందాలు వెస్ట్‌ఫీల్డ్ వచ్చాయి. ఆస్ట్రేలియాలోని బైరన్ బే నుంచి పార్క్‌వే డ్రైవ్ వచ్చి 2005లో ఒకటి, 2007లో మరొకటి డట్కెవిచ్ ప్రొడ్యూసర్‌గా ఆల్బమ్‌లు చేసుకుని వెళ్లింది. అన్‌ఎర్త్, ఆల్ దట్ రిమెయిన్స్ వంటి ఇరుగుపొరుగు బృందాలకూ ఆయనే పనిచేశారు. చరణంలో అరుపు, పల్లవిలో గానం, ఆ తర్వాత బ్రేక్‌డౌన్ అనే వరుస మరి కొన్నేళ్లలో ఎంతగా అలవాటైపోయిందంటే, తర్వాతి పాట ఎప్పుడు ఏ మలుపు తిరుగుతుందో శ్రోత ముందే చెప్పగలిగే స్థితి వచ్చింది. చాలా బృందాలు ఈ పనిని ఇద్దరికి పంచాయి, ఒకరు అరుస్తారు, వాద్యం పట్టుకున్న మరొకరు పాడతారు. గొంతుల ఆరోగ్యానికి అది మంచి ఏర్పాటు. వినడంలో మాత్రం ఒకటి పోయింది. చరణంలో చిరిగిపోతున్న మనిషే పల్లవిలో లేచి నిలబడటం ‘అలైవ్ ఆర్ జస్ట్ బ్రీదింగ్’లో వినబడుతుంది. ఇద్దరు పంచుకున్నప్పుడు ఒకరు పడిపోతారు, మరొకరు లేస్తారు.

లీచ్ సంగీతం మానలేదు. సీమ్‌లెస్, ది ఎంపైర్ షల్ ఫాల్ బృందాల్లో పాడారు. డట్కెవిచ్‌తో స్నేహం మళ్లీ చిగురించి, ఇద్దరూ కలిసి టైమ్స్ ఆఫ్ గ్రేస్ పేరుతో 2011లో ఒక ఆల్బమ్ చేశారు. 2012 ఆరంభంలో ఆరోగ్య కారణాలతో జోన్స్ తప్పుకున్నప్పుడు కిల్‌స్విచ్ ఎంగేజ్ లీచ్‌ను తిరిగి పిలిచింది. ఆ ఏడాది చివర్లో ‘అలైవ్ ఆర్ జస్ట్ బ్రీదింగ్’ పదేళ్ల సందర్భంగా బృందం అమెరికాలో పర్యటించి, ఆల్బమ్‌లోని పాటలన్నీ వేదిక మీద వినిపించింది. ఈసారి రెండు గిటార్లకు ఇద్దరు మనుషులున్నారు, డ్రమ్స్‌కు వేరే మనిషి ఉన్నారు, పల్లవి అందుకోవడానికి గాయకుడి పక్కన డట్కెవిచ్ గొంతు ఉంది.

అయినా గొంతు చివరకు తన లెక్క అడిగింది. 2018లో లీచ్‌కు స్వరతంత్రుల శస్త్రచికిత్స జరిగింది. కొంతకాలం పూర్తి మౌనం పాటించి, ఆ తర్వాత చికిత్సకుల శిక్షణలో మాట్లాడటం, పాడటం, అరవడం మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నారు. పదహారేళ్ల క్రితం ఎవరూ నేర్పని పాఠం అది. 2019 ఆగస్టు 16న వచ్చిన ‘అటోన్‌మెంట్’ ఆల్బమ్‌ను ఆ కొత్త గొంతుతోనే పూర్తి చేశారు. అందులోని ‘ది సిగ్నల్ ఫైర్’ అనే పాటకు హోవార్డ్ జోన్స్‌ను పిలిచారు. 2002 నాటి పాటలను వేర్వేరు ఏళ్లలో ఒంటరిగా మోసిన ఇద్దరు గాయకులు ఆ పాటలో ఒకే చరణాల మధ్య వంతులు పంచుకుంటారు. వీడియోలో ఒకరి పక్కన ఒకరు నిలబడి, ఒకరు ఊపిరి తీసుకునేటప్పుడు మరొకరు అందుకుంటారు.